మూత పెట్టని గోరింట డబ్బా

తమ్ముడు స్లీమాన్ తన నోటి ముందు కూడు లాగేసుకున్నాడని యిహ్యే చెప్పని మనిషి ఆ మోషవ్‌లో, ఆ యూదుల సహకార రైతు పల్లెలో లేడు. ప్రార్థన మందిరం మెట్ల మీద చెప్పాడు. కోళ్ళ దాణా కొట్టు దగ్గర చెప్పాడు. పంటి నొప్పితో దవడ పట్టుకుని బస్సు కోసం కూర్చున్నవాడిక్కూడా చెప్పాడు. యెమెన్ నుంచి వచ్చిన కొత్తలో, పదకొండేళ్ళవాడి చేతిలో పుస్తకం లాక్కుని నాన్న పార పెట్టాడు. రాళ్ళు ఏరింది తను. భుజం ఒరుసుకుపోయేలా నీళ్ళ గొట్టాలు మోసింది తను. స్లీమాన్ బడికెళ్ళాడు, ఆఫీసు కాగితాలు గడగడా చదవడం నేర్చాడు. మోషవ్‌లో పొలాన్ని ముక్కలు చెయ్యరు, ఒక్క కొడుకు పేరే రాస్తారు. నాన్న ఆ ఒక్క పేరూ స్లీమాన్‌ది రాయించి కన్ను మూశాడు.

"ముప్పై ఒక్క దునాములు, ఏడెకరాల పైమాట! పార పట్టినవాడికి బొబ్బలు, పెన్ను పట్టినవాడికి పొలం," అనేవాడు యిహ్యే. వినేవాడు తలూపేవాడు. ఊపకపోతే మళ్ళీ మొదట్నించీ వినాలి కదా.

ఆ పుండు మీద ఈ ఏడు కొత్తగా కారం పడింది. తల్లి పోయి ఎనిమిది నెలలు. కన్నవాళ్ళు పోతే పన్నెండు నెలలు పాటా మేళం ఉన్న చోటికి వెళ్ళకూడదు. అయితే కన్నకూతురి శుభకార్యానికి తండ్రి రాకుండా కుదరదు కాబట్టి, పెళ్ళికూతురు బ్రఖా తండ్రిగా స్లీమాన్‌కి మినహాయింపు దొరికింది. పెదనాన్న యిహ్యేకి దొరకలేదు. ఊరికి ధర్మశాస్త్రమైన తోరా చెప్పేదీ తీర్పులు తీర్చేదీ గురువు మోరీ సాలెం. ఆయన గడ్డం నిమురుకుని, "గోరింట వేడుకకి నువ్వు రావాలంటే ఒకటే దారి. వడ్డన చెయ్యి. పనివాడు పనికొచ్చినట్టు రా, చుట్టం వేడుకకొచ్చినట్టు కాదు," అన్నాడు.

"ఇద్దరికీ పోయింది ఒకే తల్లి కదా మోరీ! వాడికేమో పట్టు చొక్కా, నాకేమో నడుముకి వంటగుడ్డా?"

"శాస్త్రం నేను రాయలేదు నాయనా."

"రాసినవాడు కూడా చదువుకున్నవాడే అయ్యుంటాడులెండి."

రానని ఇంట్లో కూర్చునేవాడే. పెళ్ళాం పోయి పదేళ్ళు, పిల్లల్లేరు, వాడు రాకపోతే అడిగేవాళ్ళూ లేరు. కానీ బ్రఖాయే వచ్చింది. పట్నంలో నర్సు చదువు చదువుతున్న పిల్ల. గుమ్మంలో నిలబడి, "పెదనాన్నా, నాన్నమ్మ చివరి తొమ్మిదేళ్ళూ నీ ఇంట్లో ఉంది. నువ్వు రాకపోతే ఆవిడ తరఫున నాకెవరున్నారు?" అంది. యిహ్యే లేచాడు. అటక దగ్గరికెళ్ళి పాత హల్వా డబ్బా ఒకటి తెచ్చి ఆ పిల్ల చేతిలో పెట్టాడు.

"నీ గోరింటకని మీ నాన్నమ్మ తన చేత్తో ఎండబెట్టి, దంచి, జల్లించి దాచింది," అన్నాడు.

బ్రఖా ఆ డబ్బాని గుండెకి హత్తుకుంది. తెరిచి చూడలేదు. యిహ్యే కూడా ఆ పిల్ల ముఖంలోకి చూడలేదు.

గురువారం మధ్యాహ్నం స్లీమాన్ ఇంటి ముందు పందిరి కింద బల్లలు పరిచారు. వేసవి మొదట్లో వచ్చే షావూఓత్ పండగ దాటి వారమే అయింది, ఎండ ఇంకా నెత్తి మీద ఉంది. ఎముకల సూపు రెండు పెద్ద కాగుల్లో కుతకుతమంటోంది. గిలకొట్టిన మెంతి నురగ గిన్నెల్లో తెల్లగా పొంగి ఉంది. పక్కన పచ్చిమిర్చీ కొత్తిమీరా నూరిన ముద్ద. చిల్లుల చిల్లుల లహూహ్ అట్లు దొంతరలుగా ఉన్నాయి. రాత్రంతా పొయ్యి మీద మూతేసి ఉంచిన కుబానె రొట్టె విప్పితే నెయ్యి వాసన వీధి చివరిదాకా వెళ్ళింది. నూనెలోంచి అప్పుడే తీసిన జలాబియా రొట్టె వేళ్ళు కాలుస్తోంది. వచ్చినవాళ్ళు ముందు నమలడానికి వేయించిన శనగలూ బాదం పప్పులూ ఎండు ద్రాక్షా పళ్ళేల నిండా పోశారు. యిహ్యే నడుముకి గుడ్డ కట్టుకుని పళ్ళెం ఎత్తాడు.

పెళ్ళికొడుకు వాళ్ళు పట్నం నుంచి బస్సు కట్టించుకుని వచ్చారు. వాళ్ళలో ఒక్కరికీ వీడెవడో తెలీదు.

"ఏయ్ బాబాయ్, ఇటు మెంతి గిన్నె! ఇక్కడ ఎడారిలా ఉంది."

"వేడివేడిగా తే. నీలా చల్లారింది కాదు."

పెళ్ళికొడుకు మేనత్త ఒకావిడ, బరువైన మనిషి, వాడి మోచెయ్యి పట్టుకుని ఆపింది. "నీ నడక బావుందయ్యా. ఒక్క చుక్క ఒలకలేదు. మంగళవారం మా పెళ్ళికీ రాకూడదూ? పూటకెంత తీసుకుంటావేం?"

"నేను పెళ్ళికూతురి పెదనాన్నని," అన్నాడు యిహ్యే.

ఆవిడ వాడి నడుము గుడ్డ వంకా పళ్ళెం వంకా చూసి పకపకా నవ్వింది. "సరేలే, నేను రాణీగారి మేనత్తని. ఆ నిమ్మకాయ ముక్కలిలా పెట్టు."

వాడికి చెవులు కాలిపోయాయి. పళ్ళెం అక్కడే గిరాటేసి పోదామనుకున్నాడు. అంతలో వంటింటి అరుగు మీంచి రూమియా కేకేసింది. రూమియా తల్లి చెల్లెలు, ఎనభై దాటిన మనిషి. ఆ మోషవ్‌లో నలభై ఏళ్ళుగా ఏ పెళ్ళికూతురికైనా గోరింట కలపాలంటే అక్కచెల్లెళ్ళిద్దరే. ఇప్పుడు మిగిలింది ఈవిడొక్కతే.

"ఒరే యిహ్యే, ఇలా రా. నీ ముక్కు నా ముక్కు కంటే వయసులో చిన్నది. దీన్ని వాసన చూడు."

రాగి గిన్నెలో గోరింట ముద్ద. తెల్లవారుజామునే నానబెట్టింది. చుట్టూ సదాపాకు రెమ్మలూ కొవ్వొత్తులూ గుచ్చి సింగారించారు. యిహ్యే వంగాడు. తడి మట్టి వాసన తప్ప ఇంకేం లేదు.

"బానే ఉంది పిన్నీ."

"నాకేం తగలడం లేదురా. మా అక్క గోరింట గిన్నెలో ఉంటే వీధిలో గాడిద తుమ్మేది. ముసలిదాన్నైపోయాను, ముక్కు చచ్చింది." తనలో తను నవ్వుకుంది. "అక్క చేతి పొడి గదా, దానికి వంకేంటి? నాకే వంక."

యిహ్యే తేలు కుట్టిన దొంగలా పళ్ళెం పట్టుకుని పక్కకి జరిగాడు.

పోయిన వేసవి సంగతి అది. తల్లి మంచం పట్టింది, లేవలేదు. ఆవిడ పోతే ఆ వెండీ బంగారమూ ఏమయ్యాయో తేలదని వాడికి బెంగ పట్టుకుంది. యెమెన్ నుంచి కాలినడకన వస్తున్నప్పుడు దారిలో దొంగలు పడతారని ఆవిడ కడియాలు గోరింట సంచిలో కూరిపెట్టడం చిన్నప్పుడు వాడు కళ్ళారా చూశాడు. ఆ దారిన వచ్చిన ఆడవాళ్ళందరూ చేసిన పనే అది. దొంగ గోరింటలో చెయ్యి పెట్టడు, పెడితే చెయ్యే చెప్పేస్తుంది. అందుకని ఒక మధ్యాహ్నం, ఆవిడ నిద్రపోతోందనుకుని, వాడు అటక మీంచి హల్వా డబ్బా దించాడు. గరిటె కాడ గుచ్చి అడుగు వరకూ కెలికాడు. పొడి గాల్లోకి లేచింది. అడుగున ఏమీ లేదు.

"మూత గట్టిగా పెట్టు నాయనా," అంది తల్లి మంచం మీంచి. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఎంతసేపటి నుంచీ తెరిచి ఉన్నాయో. "గాలీ ఎండా తగిలితే అది చచ్చిపోతుంది. బ్రఖాకి కావాలి."

అంతే. ఏం వెతుకుతున్నావని అడగలేదు. అడిగుంటే అబద్ధమైనా చెప్పుకునేవాడు. సిగ్గు కోపంగా మారి, డబ్బాని తీసుకెళ్ళి కిటికీ గట్టు మీద విసురుగా పెట్టాడు. మూత వంకరగా పడింది. సరిచెయ్యలేదు. ఆగస్టు ఎండ దాని మీద పడింది, సెప్టెంబరు ఎండా పడింది. తల్లి మంచం మీంచి రోజూ ఆ కిటికీ వైపే చూసేది. లేవలేదు, మళ్ళీ అడగనూలేదు. ఆవిడ పోయిన ఏడు రోజుల శోకం అయ్యాక గది ఊడుస్తూ వాడు ఆ మూత అరచేత్తో నొక్కి, డబ్బా అటకెక్కించాడు. ఆకుపచ్చ పొడి గోధుమరంగుకి తిరిగిపోయి ఉంది. చూశాడు. చూడనట్టు ఊరుకున్నాడు.

"అన్నయ్యా, ఒక్క నిమిషం."

స్లీమాన్. పట్టు చొక్కా చంకల దగ్గర తడిసిపోయింది. పనిముట్ల కొట్టు వెనక్కి తీసుకెళ్ళాడు. అక్కడి నుంచి కిందనున్న దానిమ్మతోట కనిపిస్తుంది. పూత మీద ఉంది, ఎర్రగా.

"పళ్ళెం కింద పెట్టొచ్చుగా."

"పనివాణ్ణి. పని మానేసి నిలబడితే మీ మోరీ తప్పు పడతాడు."

స్లీమాన్ ఆ పోటు మింగేశాడు. "నీతో చెప్పమని అమ్మ చివరి వారంలో నా దగ్గర మాట తీసుకుంది. బ్రఖా గోరింట నాడు చెప్పమంది. ఆ కింది తోట నీది. పేరు మార్చడానికి మోషవ్ ఆఫీసు ఒప్పుకోదు, నీకు తెలుసు. కానీ నువ్వు బతికున్నంత కాలం చెట్టూ కాయా నీవి, నేను అటు అడుగు పెట్టను. ఆదివారం పొద్దున్న ప్రార్థనయ్యాక మోరీ ఇంట్లో సాక్షుల ముందు రుమాలు పట్టుకుని మాట ఖాయం చేసుకుందాం."

యిహ్యే చేతిలో పళ్ళెం బరువెక్కింది. ముప్పై ఏళ్ళ నుంచీ నోట్లో నానుతున్న తిట్లు ఒక్కటీ పైకి రాలేదు.

"అమ్మ ఎందుకు... ఏమంది?"

"ఏమందా? నాకూ సరిగ్గా అర్థం కాలేదు. 'వాడు పాపం ఎప్పుడూ ఏదో దొరుకుతుందని వెతుక్కుంటూనే ఉన్నాడు. వాడికీ ఏదో ఒకటి దొరకనీ,' అంది." స్లీమాన్ అన్న భుజం మీద చెయ్యి వేశాడు. "నీ సేవ మర్చిపోలేదన్నయ్యా ఆవిడ."

స్లీమాన్ వెళ్ళిపోయాక కూడా ఆ మాట అక్కడే నిలబడి ఉంది. చివరి వారం. అంటే డబ్బా కెలికాక. కిటికీ గట్టు మీద ఆ వంకర మూతని రెండు నెలలు చూస్తూ పడుకున్నాక.

ఇంటి ముందు నుంచి తప్పెట మోగింది. ఒకామె నూనె డబ్బా వాయిస్తోంది, ఒకామె రాగి పళ్ళెం మీద ఉంగరంతో తాళం వేస్తోంది. బ్రఖాని తీసుకొస్తున్నారు. తల మీద ముత్యాలూ పూలూ గోపురంలా కట్టారు, మెడలో వెండి వరసలు పొట్ట దాకా దిగాయి. ఆ బరువుకి పిల్ల మెడ తిప్పలేక కళ్ళే తిప్పుతోంది. చుట్టూ ఆడవాళ్ళు కొవ్వొత్తులు పట్టుకుని కీచుగా, పొడుగ్గా కేకలు వేస్తున్నారు. యిహ్యే పాట వినకూడదు కాబట్టి కాగు దగ్గరికెళ్ళి గిన్నెలు నింపుతూ నిలబడ్డాడు. వింటూనే ఉన్నాడు.

రూమియా పిల్ల అరచేతుల్లో ముద్ద పెట్టి గుడ్డ చుట్టింది. పైనుంచి సదాపాకు జల్లింది పిల్ల తల్లి యోనా. పాటలు, సూపు, మళ్ళీ పాటలు. గంట గడిచాక గుడ్డ విప్పి, ముద్ద దులిపి చేతులు కడిగారు.

తప్పెట ఆగిపోయింది.

అరచేతులు తెల్లగా ఉన్నాయి. బురదలో పెట్టి కడిగిన చేతుల్లా, అక్కడక్కడా పసుపు మరక తప్ప ఏమీ లేదు.

"ఇంకో గంట ఉంచాల్సిందేమో," అందెవరో.

"మా ఊళ్ళో పావుగంటకే నిప్పులా అయ్యేది," అంది పెళ్ళికొడుకు మేనత్త. పక్కనున్న ఆవిడ చెవిలో చెప్పినట్టే, పందిరంతా వినేట్టు. "దీవెన లేని చేతికి రంగు అంటదు అనేది మా అమ్మ. ఊరికే అనేదిలే, ఏదో."

యోనా మొహం పాలిపోయింది. రూమియా గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని, "నేను కలపడం తప్పేనేమో, నేనే తప్పేనేమో," అని గొణుగుతోంది. నలభై ఏళ్ళలో ఆ మాట ఆ నోటి నుంచి రాలేదు.

బ్రఖా మాత్రం ఎవరినీ చూడటం లేదు. చేతులే చూసుకుంటోంది. "నాన్నమ్మకి నా మీద కోపం," అంది నెమ్మదిగా. "ఆవిడ చివరి శనివారం షబ్బాత్‌కి రమ్మని కబురు చేసింది. పరీక్షలని నేను రాలేదు. కోపంతోనే పోయింది." ముత్యాల గోపురం వణికింది. వెండి గలగలలాడింది. "ఆవిడ పొడి నాకు అంటడం లేదు."

యిహ్యే చేతిలో గిన్నె నిండి, సూపు వేళ్ళ మీదుగా కారుతోంది. కాలుతోంది. నోరు మూసుకుంటే చాలు. ఎవరికీ తెలీదు. తెలిసిన ఒక్క మనిషీ కొండ మీద మట్టిలో ఉంది. ఆదివారం రుమాలు. పూత మీదున్న తోట. పిల్ల ఏడుపు రేపటికి ఆరిపోతుంది, పెళ్ళయితే మర్చిపోతుంది. ఇన్నీ అనుకున్నాడు. అనుకున్నానని తర్వాత తనకి తనే ఒప్పుకున్నాడు, అదే వాడికి అన్నిటికంటే రోత పుట్టించింది.

గిన్నె కింద పెట్టి పందిరి మధ్యలోకి వచ్చాడు.

"కోపం నీ మీద కాదమ్మా. ఆ పొడిని చంపింది నేను."

"ఎవరయ్యా ఈ వడ్డించేవాడు?" అంది మేనత్త.

"నా అన్న," అన్నాడు స్లీమాన్ కుర్చీలోంచి లేచి.

యిహ్యే తల ఎత్తకుండా చెప్పాడు. బంగారం కోసం కెలికానన్నాడు. మూత పెట్టమని ఆవిడ అడిగిందన్నాడు. పెట్టలేదన్నాడు. చచ్చిన పొడి అని తెలిసే తెచ్చిచ్చానన్నాడు. ఎంతో సేపు పట్టలేదు. ముప్పై ఏళ్ళ ఫిర్యాదు చెప్పడానికి గంటలు పట్టేది, ఇది నాలుగు ముక్కల్లో అయిపోయింది.

బ్రఖా తడి కళ్ళతో అడిగింది, "అయితే నాన్నమ్మకి నా మీద కోపం లేదా?"

"లేదు తల్లీ. 'బ్రఖాకి కావాలి' అంది. నేను విన్నాను."

పిల్ల రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చింది, అయితే ఈ ఏడుపు వేరు. మధ్యలో నవ్వింది కూడా. దానికి కావలసింది అదొక్కటే. దోషి ఎవడన్నది దానికి అక్కర్లేకపోయింది. ఆ పిల్ల నాలుగు మాటలు తిట్టినా యిహ్యేకి కాస్త తేలికయ్యేది.

తిట్టడానికి రూమియా ఉంది. "గాడిదా! నేను నా ముక్కుని పాతిపెట్టి నీళ్ళు వదిలేశాను గదరా!" అని గట్టిగా అరిచి, పక్కింటికి మనిషిని తరిమింది. పక్కింటావిడ ఈ ఏడు కోసిన ఆకు పొడి, పచ్చగా ఘాటుగా, సంచితో వచ్చింది. గోరువెచ్చటి నీళ్ళు పోసి కలుపుతుంటే ముందు వరసలో ఇద్దరు తుమ్మారు. "అదీ!" అంది రూమియా. తర్వాత యిహ్యే వైపు తిరిగింది. "కుడి చెయ్యి చాపు."

"పిన్నీ, నేను శోకంలో ఉన్నాను. నేను పెట్టుకోకూడదు."

"పెట్టుకుంటే సింగారం. నేను పెడితే శిక్ష. ఈసారి అంటుతుందో లేదో పిల్ల చేతి మీద చూడను, నీ చేతి మీదే చూస్తాను. చాపు!"

మోరీ సాలెం పందిరి గుంజ వంక చూస్తూ ఉండిపోయాడు. యిహ్యే చెయ్యి చాపాడు. ఆవిడ అరచేతి నిండా ముద్ద పెట్టి, వేళ్ళు మూసి నొక్కింది. పెళ్ళికొడుకు వైపు ఆడవాళ్ళు నవ్వారు. తప్పెట మళ్ళీ అందుకుంది. పావుగంటకి విప్పితే అరచెయ్యి నారింజ రంగుకి తిరిగింది. "పట్టింది!" అని కేకలు వేశారు. బ్రఖా చేతులకి కొత్త ముద్ద పెట్టారు. యిహ్యే ఎడం చేత్తో పళ్ళెం ఎత్తుకుని, చల్లారిన సూపు గిన్నెలు తీసేశాడు. ఎవరూ ఇంకేమీ అడగలేదు. మేనత్త కూడా నిమ్మకాయ ముక్కలు తనే లేచి తెచ్చుకుంది.

వెళ్ళేటప్పుడు గేటు దగ్గర స్లీమాన్ నిలబడి ఉన్నాడు. తిడతాడనుకున్నాడు. తిట్టలేదు. "ఆదివారం, ప్రార్థనయ్యాక," అన్నాడు, అంతే.

గోరింట ఆరిన కొద్దీ పండుతుంది. శుక్రవారానికి ఎర్రబడింది, షబ్బాత్ నాటికి ఎండిన రక్తంలా తయారైంది. సున్నం రుద్దాడు, కిరసనాయిలు రుద్దాడు, పోలేదు. ప్రార్థన మందిరంలో తల్లి కోసం కద్దీష్ ప్రార్థన చెప్పడానికి లేచి నిలబడి, పుస్తకం ఎడం చేత్తోనే పట్టుకున్నాడు. పేజీ తిప్పాల్సి వచ్చింది. వెనక వరసలో చిన్నపిల్లవాడు, "నాన్నా, ఆ తాత చెయ్యెందుకు పెళ్ళికూతురి చెయ్యిలా ఉంది?" అన్నాడు. తండ్రి వాడి నోరు మూశాడు. నోరు మూశాడంటే అందరికీ తెలిసిందనే.

ఆదివారం మోరీ ఇంట్లో ఇద్దరు సాక్షులు కూర్చున్నారు. కాఫీ పొట్టూ అల్లమూ వేసి కాచిన కషాయం పొగలు కక్కుతోంది. పద్ధతి అందరికీ తెలిసిందే. పుచ్చుకునేవాడు తన రుమాలు చాపాలి, ఇచ్చేవాడు దాని కొస పట్టుకుని ఎత్తాలి. అంతటితో మాట ముడి పడిపోతుంది, ఇక విప్పడానికి లేదు.

"కానియ్ యిహ్యే," అన్నాడు మోరీ. "కుడి చేత్తో."

రుమాలు కుడి జేబులోనే ఉంది. చెయ్యీ జేబులోనే ఉంది. వేళ్ళు బట్టని పట్టుకునే ఉన్నాయి. స్లీమాన్ ఎదురుగా చెయ్యి చాపి నిలబడ్డాడు, ముఖంలో ఏ కోపమూ లేకుండా. కాస్త కోపం ఉన్నా రుమాలు చాపగలిగేవాడేమో. 'ఏదో ఒకటి దొరకనీ' అన్న గొంతు చెవిలో ఉంది. జేబులో అరచెయ్యి మండుతున్నట్టనిపించింది. బయటికి తీస్తే ముందు కనిపించేది రుమాలు కాదు, ఆ ఎరుపు.

"అన్నయ్యా, నా చెయ్యి నొప్పెడుతోంది," అన్నాడు స్లీమాన్ మెల్లగా.

యిహ్యే చెయ్యి తియ్యలేదు. కషాయం చల్లారింది. సాక్షుల్లో ఒకడు గొంతు సవరించుకుని, కోళ్ళకి నీళ్ళు పెట్టాలని లేచాడు.

ఆ రోజు నుంచి యిహ్యే మెట్ల మీద ఎవరినీ ఆపి ఏమీ చెప్పలేదు. ముప్పై ఒకటి అన్న అంకె మళ్ళీ వాడి నోట రాలేదు. ఎవరైనా అడిగితే మాత్రం చేజేతులా పోగొట్టుకున్నది ఎంతో లెక్కతో సహా చెప్పేవాడు: ఏడున్నర దునాములు, నూట పన్నెండు దానిమ్మ చెట్లు.